సామెత చెప్పి తప్పుకోవద్దు

సాయం కోరుతూ ఒక సందేశం రాగానే మన సంఘాల్లో జరిగే చర్చ గమనించండి. ‘తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం పనికిరావు’ అంటారొకరు. ‘చేపనిస్తే లాభం లేదు, పట్టడం నేర్పాలి’ అంటారు ఇంకొకరు. ‘అపాత్రదానం కూడదు’ అని మరొకరు. అన్నీ సబబుగానే వినిపిస్తాయి కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. చర్చ అక్కడితో ఆగిపోతుంది. అడిగిన మనిషి అవసరం మాత్రం అలాగే ఉంటుంది.

సామెతల మీద నాకు చాలా గౌరవం ఉంది. అందుకే వాటిని సగం చెప్పి వదిలేస్తే బాధగా ఉంటుంది. మొదటి సామెతే చూడండి. అందులో దానాన్ని వ్యాపారంతో పోల్చారు. పెట్టుబడి పోయేలా బేరం చేస్తే రేపు బేరం చేయడానికి ఏమీ మిగలదు, నిజమే. కానీ వ్యాపారి మొదలు కాపాడుకునేది దేనికి? మళ్లీ బేరం చేయడానికే కదా! ఈ సామెత మొదలు కాపాడుకోమంది గానీ, కొట్టు మూసేయమనలేదు.

విమానంలో చెప్పే ఆక్సిజన్ మాస్క్ జాగ్రత్తదీ ఇదే కథ. ‘ముందు నీ సంగతి చూసుకో’ అనడానికి ఇప్పుడు అందరూ దాన్నే వాడుతున్నారు. 35 వేల అడుగుల ఎత్తులో విమానం లోపల గాలి పీడనం పడిపోతే, మనిషి తెలివితో పని చేయగలిగేది అర నిమిషం నుంచి ఒక నిమిషం దాకానే. పక్కవారికి తొడుగుతూ మనం స్పృహ తప్పితే ఇద్దరికీ ప్రమాదం. అందుకని ముందు మనం పెట్టుకోవాలి, వెంటనే పక్కకు తిరగాలి. మొదటి పనికి పట్టేది కొన్ని క్షణాలే. ఆ పోలికను చూపించి ఏళ్ల తరబడి మన మాస్కే సర్దుకుంటూ కూర్చుంటే, అది మనల్ని సమర్థించదు.

చేపల మాటను చైనా సామెతగా చాలామంది చెబుతారు. దానికి దగ్గరి రూపం 1885లో యాన్ థాకరే రిచీ అనే ఆంగ్ల రచయిత్రి నవలలో ఉంది. ఎవరిదైనా మంచి మాటే. కానీ ఆకలితో చేతులు వణికేవాడు గాలం ఎలా పట్టుకుంటాడు? చెరువు దగ్గరికి అతన్ని రానిస్తారా? నేర్పాలనుకునేవాళ్లు నేర్చుకునే రోజుల్లో తిండి సంగతి కూడా చూడాలి. ఇవ్వకుండా, నేర్పకుండా ఈ మాట ఒక్కటే చెప్పి వెళ్లిపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అపాత్రదానం గురించి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే మోసాలు నిజంగానే ఉన్నాయి. విచారించుకోవడం తప్పేమీ కాదు. అయితే విచారణ వేరు, అనుమానంతో చేతులు ముడుచుకోవడం వేరు. అపకారికి కూడా ‘నెపమెన్నక’ ఉపకారం చేసేవాడే నేర్పరి అని సుమతీ శతకం చెప్పింది. మనకు కీడు చేసినవాడికే అంత చోటిచ్చిన భాషలో, ముక్కూ మొహం తెలియని మనిషిని అపాత్రుడని ముందే తేల్చేయడం ఎలా కుదురుతుంది?

1972లో తత్వవేత్త పీటర్ సింగర్ ఒక పోలిక చెప్పారు. దారిలో ఒక పిల్లవాడు లోతులేని చెరువులో మునిగిపోతుంటే, బట్టలు బురదవుతాయని ఆగుతామా అని. దూరాన ఉన్నవారి కష్టానికీ ఇదే వర్తిస్తుందన్నారు. ఈ పోలికకూ హద్దుంది. పిల్లవాణ్ణి బయటికి తీస్తే పని అయిపోతుంది, పేదరికం అలా ఒక్కసారితో తీరేది కాదు. అయినా నాకు ఈ పోలికే ఎక్కువ ఇష్టం. మిగతావి సాయం చేయకపోవడానికి కారణం వెతుక్కోనిస్తాయి, ఇది ఒడ్డున నిలబడ్డవాణ్ణి ఊరుకోనివ్వదు.

ఇవ్వలేని పరిస్థితి ఎవరికైనా వస్తుంది. ‘ఇప్పుడు నా వల్ల కాదండీ’ అని చెప్పేస్తే అడిగినవారు ఇంకో చోట ప్రయత్నించుకుంటారు. ఆ ఒక్క ముక్క చాలు, దానికి సామెత తోడు అక్కర్లేదు. ఇక సాయం గురించి సంఘంలో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు, అడిగిన మనిషికి ఫోన్ చేసి ఏం కావాలో, ఎప్పటిలోగా కావాలో ముందు కనుక్కుందాం. సామెతల సంగతి ఆ తర్వాత చూడొచ్చు.