ఎరోస్ గారు చొక్కా ఎలా విప్పుతారు?

ఈ కాలపు ఫాంటసీ నవలల్లో గ్రీకు ప్రేమదేవుడు ఎరోస్ వేషం దాదాపు ఖరారైపోయింది. ఆరడుగుల పైచిలుకు ఎత్తు, నల్ల రెక్కలు, చెక్కినట్టున్న దవడ, మాట్లాడితే బొంగురు గొంతు, మాట్లాడకపోతే మనసులో మానని గాయం. మూడో అధ్యాయం లోపు చొక్కా విప్పాలి. అది రాజ్యాంగ నిబంధన.

ఇక్కడే ఒక సాంకేతిక సమస్య. రెక్కలు మొలిచేది భుజాల వెనక. కాబట్టి చొక్కా వీపున రెండు నిలువు చీలికలుండాలి. అవి కింది అంచు దాకా తెగితే తప్ప రెక్కలు దూరవు. తెగాక మళ్లీ కలపడానికి రెక్కల కింద గుండీలు పెట్టాలి. ఆ గుండీలు సొంత చేతికందవు. తొడగాలన్నా విప్పాలన్నా పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. నవలలో ఈయనేమో ఒంటిచేత్తో తలమీంచి లాగి పారేస్తాడు! ఈక కూడా రాలదు. ఇక తోలు జాకెట్టు వేసుకునే ఎరోస్‌లున్నారు, వాళ్ల దర్జీని తల్చుకుంటే జాలేస్తుంది.

చొక్కా పోయాక కనబడే మచ్చ కూడా సరిగ్గా గుండె మీదే ఉంటుంది. రోమన్ రచయిత అపులియస్ కథలో, ఎరోస్ భార్య సైకీ చేతి దీపం నుంచి నూనెచుక్క పడింది కుడి భుజం మీద. కాలాక వీరుడేమీ పళ్లు బిగబట్టలేదు, అమ్మగారి గదిలో పడుకుని మూలిగాడు.

క్రీ.పూ. 3వ శతాబ్దపు గ్రీకు కవి అపోలోనియస్ ఇంకా నిక్కచ్చిగా చూపించాడు. దేవతల రాజు జ్యూస్ తోటలో తోటి పిల్లవాడు గానిమీడ్‌ని బంగారు పాచికలాటలో నిలువునా దోచేసి, గెలిచినవి రొమ్ముకు అదుముకుని పగలబడి నవ్వే పిల్లవాడు ఎరోస్. తల్లి అఫ్రోడైటీ గడ్డం పట్టుకుని, జ్యూస్ చిన్నప్పటి బంగారు బంతి ఇస్తా, కోల్కిస్ రాజకుమారి మెడియాకి వీరుడు జేసన్ మీద ప్రేమ పుట్టేలా ఒక్క బాణం వెయ్యి నాన్నా అంటుంది. ఇప్పుడే ఇమ్మని బట్ట పట్టుకు వేలాడతాడు. చివరికి పాచికలు లెక్కపెట్టి మరీ ఆమె ఒళ్లో పోసి బయల్దేరతాడు. కోల్కిస్‌లో జేసన్ కాళ్ల దగ్గర నక్కి, రెండు చేతులా నారి లాగి మెడియాని కొట్టి, నవ్వుకుంటూ ఎగిరిపోతాడు.

బంతి కోసం! ఆ పిల్ల తండ్రినీ దేశాన్నీ వదులుకుంది, తోబుట్టువు చావులో చెయ్యి కలిపింది. ఈ నవలల్లో అదే బాణం ‘విధి కలిపిన బంధం’ అట. ఏ విధండీ? గ్లాసులో మత్తుమందు కలిపితే పోలీసు కేసు, రెక్కలున్నవాడు చేస్తే ప్రేమకథా? రోమన్ కవి ఒవిడ్ అయితే ఏదీ దాచలేదు. అపోలో దేవుడికి ప్రేమ పుట్టించే బంగారు మొన, వనకన్య డాఫ్నీకి ప్రేమంటే పారిపోయేలా చేసే మొద్దు సీసం మొన. ఆమె పరిగెత్తి పరిగెత్తి చెట్టయింది, చెట్టయ్యాక కూడా వాడి ముద్దుకి ఒదిగి తప్పుకుంది. ఇదంతా ఎందుకట? నీకు విల్లెందుకురా అని ఎరోస్‌ని అపోలో వెక్కిరించాడని. వాళ్లిద్దరి విల్లు తగాదాలో ఆ పిల్లకేం సంబంధం?