వాట్లు గొప్పగా చెప్పి, వేగం దాచేస్తున్నారు

మొబైల్ షాపులో డేటా కేబుల్ ఇమ్మని అడిగితే మన చేతిలో పెట్టేది చాలాసార్లు ఉత్త ఛార్జింగ్ కేబుల్. ప్యాకెట్ మీద 65 వాట్లు, 100 వాట్లు, సూపర్ ఫాస్ట్, నైలాన్ అల్లిక అని పెద్దపెద్ద అక్షరాలుంటాయి. డేటా ఎంత స్పీడుతో పోతుందో మాత్రం ఉండదు. ఉన్నా వెనకవైపు ఎక్కడో కంటికి ఆనని అక్షరాల్లో 480 ఎంబీపీఎస్ అని ఉంటుంది, అంటే సెకనుకు 480 మెగాబిట్లు (ఎనిమిది బిట్లయితే ఒక బైట్). అది 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం. కొత్త టైప్-సి కనెక్టర్, పాతికేళ్ల కిందటి స్పీడు.

ఇది మోసమా అంటే, రూల్స్ ప్రకారం కాదు. అసలు తంటా అక్కడే ఉంది. టైప్-సి అనేది 2014లో ఖరారైన ఒక కనెక్టర్ ఆకారం మాత్రమే, దాని వెనక ఏ వేగం ఉండాలో ఆ ఆకారం చెప్పదు. కరెంటు, గ్రౌండ్, రెండు డేటా వైర్లు, ఏ పరికరం తగిలించామో గుర్తుపట్టడానికి ఇంకో వైరు, ఇవి ఉంటే చాలు టైప్-సి కేబుల్ అని అమ్మొచ్చు. హై స్పీడ్ కావాలంటే వీటికి తోడు మరో నాలుగు జతల వైర్లు లోపల ఉండాలి. వాటికి రాగి ఖర్చు, సిగ్నల్ చెడిపోకుండా చుట్టే తొడుగు (షీల్డింగ్) ఖర్చు, కేబుల్ మందం కూడా పెరుగుతుంది. అందుకే చాలామంది తయారీదారులు వాటి జోలికే పోరు. చిన్న కంపెనీలే ఇలా చేస్తాయని కూడా అనుకోవద్దు. 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రో పోర్టు 10 జీబీపీఎస్‌ది (ఒక జీబీపీఎస్ అంటే వెయ్యి ఎంబీపీఎస్), పెట్టెలో ఇచ్చిన కేబుల్ మాత్రం యూఎస్‌బీ 2.0దే. అంత డబ్బు పోసి ఫోన్ కొన్నవాళ్లు పూర్తి వేగం కోసం ఇంకో కేబుల్ విడిగా కొనుక్కోవాలి.

దీనివల్ల ఎవరికి నష్టమో పెళ్లి వీడియోలు తీసేవాళ్లను అడగండి. ఒక పెళ్లికి 4కె ఫుటేజ్ 500 జీబీ అయిందనుకుందాం. యూఎస్‌బీ 2.0 కేబుల్‌తో నిజంగా దక్కేది సెకనుకు 40 మెగాబైట్ల లోపే. ఆ లెక్కన ఎస్ఎస్‌డీలోకి (తిరిగే డిస్క్ లేని వేగమైన డ్రైవ్‌లోకి) ఎక్కించడానికి మూడున్నర గంటలు పడుతుంది, అంటే రిసెప్షన్ అయిపోయాక అర్ధరాత్రి మొదలుపెడితే తెల్లవారుజామవుతుంది. అదే ఎస్ఎస్‌డీ, అదే ల్యాప్‌టాప్, మధ్యలో 10 జీబీపీఎస్ కేబుల్ పెడితే, డ్రైవ్, పోర్టు కూడా ఆ స్థాయివే అయితే, పది నిమిషాల పని. పాత తరహా తిరిగే హార్డ్ డిస్క్ వాడేవాళ్లు మాత్రం 10 జీబీపీఎస్ కోసం డబ్బు దండగ చేసుకోవద్దు. ఆ డిస్క్ మామూలుగా సెకనుకు 100 నుంచి 250 మెగాబైట్లే ఇస్తుంది, దానికి 5 జీబీపీఎస్ కేబుల్ కావలసినంత ఎక్కువ.

పేర్ల గందరగోళం ఇంకో తలనొప్పి. 2008లో యూఎస్‌బీ 3.0గా వచ్చిన 5 జీబీపీఎస్ వేగాన్నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. పేరు మారింది తప్ప వేగం పెరగలేదు. దీనికి తోడు మన ప్యాకెట్ల మీద క్యూసీ 3.0 అని ఒకటి, 3.1ఎ అని ఇంకొకటి కనిపిస్తుంటాయి. మొదటిది ఛార్జింగ్ పద్ధతి, రెండోది కరెంటు ఎన్ని ఆంపియర్లో చెప్పే అంకె. రెండింటికీ డేటాతో ఏ సంబంధమూ లేదు, కానీ 3.0 అని చూడగానే ఫాస్ట్ కేబుల్ దొరికిందని కొనేస్తాం. కాబట్టి ఈ పేర్లన్నీ వదిలేసి ఒక్క జీబీపీఎస్ అంకె చూడండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా టైప్-సి కేబుల్ అని కాకుండా 10 జీబీపీఎస్ కేబుల్ అని అడగండి. ఆ అంకె రాయని కేబుల్ 480 ఎంబీపీఎస్‌దే అనుకోవడం మేలు.

చేతిలోకి తీసుకుని చూస్తే కొంత తెలిసిపోతుంది. ఫోన్ టార్చ్ వేసి కనెక్టర్ లోపలికి చూడండి. రెండు వరుసల్లో బంగారు రంగు పిన్నులు దాదాపు నిండుగా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు, మధ్యమధ్యలో పళ్లూడినట్టు చాలా ఖాళీలుంటే అది యూఎస్‌బీ 2.0ది కావచ్చు. పిన్నులన్నీ పెట్టి లోపల వైర్లు కలపని ఘనులు కూడా ఉంటారు కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మలేం. పొడవు కూడా చూడాలి. ప్రత్యేక చిప్‌లు లేని మామూలు కేబుల్ 10 జీబీపీఎస్ వేగాన్ని సుమారు మీటరు వరకే సరిగ్గా మోస్తుంది, 40 జీబీపీఎస్ అయితే 80 సెంటీమీటర్లే. సన్నగా, మెత్తగా, రెండు మీటర్లుండే కేబుల్ చవగ్గా 40 జీబీపీఎస్ ఇస్తుందంటే నమ్మకండి. ఇంటికి తెచ్చాక రిటర్న్ గడువు ఉండగానే ఎస్ఎస్‌డీలోకి ఒక పెద్ద ఫైల్ కాపీ చేసి చూడండి. అంకె ముప్పై నలభై మెగాబైట్ల దగ్గరే ఆగిపోతే, ఇంకో పోర్టులో కూడా పెట్టి చూసి, తిరిగి పంపేయండి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది వేగం సంగతి కూడా కాదు. నాసిరకం కేబుల్ మధ్యమధ్యలో కనెక్షన్ వదిలేస్తుంటే అందరూ నెపం డిస్క్ మీదే వేస్తారు. డిస్క్ పోయిందని సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరుగుతారు, డేటా రికవరీ అంటూ వేలు పోస్తారు. ముందు కేబుల్ మార్చి చూడమని చెప్పేవాళ్లే ఉండరు. ఇక వైర్లు తప్పుగా కలిపిన కేబుల్ అయితే పరికరాన్నే చంపేస్తుంది. గూగుల్ ఇంజినీర్ బెన్సన్ ల్యూంగ్ ఆన్‌లైన్‌లో అమ్మే టైప్-సి కేబుళ్లను కొని ఒక్కొక్కటే పరీక్షిస్తూ వచ్చారు. 2016 ఫిబ్రవరిలో కరెంటు వైరు, గ్రౌండ్ వైరు తారుమారైన ఒక కేబుల్ తగిలి ఆయన ల్యాప్‌టాప్ దెబ్బతింది. ఆ తర్వాతి నెలలోనే అమెజాన్ ప్రమాణాలు పాటించని టైప్-సి కేబుళ్ల అమ్మకాన్ని నిషేధించింది. అంటే అమ్మే వేదిక తలుచుకుంటే అడ్డుకోగలదు.

మన దగ్గర వస్తువుల ప్రమాణాలు నిర్ణయించే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ 2023 జనవరిలోనే టైప్-సికి భారతీయ ప్రమాణం ప్రచురించింది. అయితే అప్పటి చర్చంతా అన్ని పరికరాలకూ ఒకే ఛార్జర్ అనే మాట చుట్టూనే తిరిగింది, డేటా వేగం ఊసే పెద్దగా రాలేదు. యూఎస్‌బీ ప్రమాణాలు చూసే యూఎస్‌బీ-ఐఎఫ్ సంస్థ కూడా 2022లో జీబీపీఎస్ ఎంతో, వాట్లు ఎన్నో రెండూ స్పష్టంగా కనిపించే లోగోలు తెచ్చింది. కానీ ఆ సర్టిఫికేషన్ స్వచ్ఛందం, ఇష్టమున్నవాళ్లు తీసుకుంటారు. స్వచ్ఛందం అన్నంతకాలం దాచుకోవాలనుకున్నవాడు దాచుకుంటూనే ఉంటాడు. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ ఎంత తప్పనిసరో డేటా వేగం కూడా అంతే తప్పనిసరి చేయాలి. ప్యాకెట్ చింపి పారేస్తాం కాబట్టి కేబుల్ మొన మీద కూడా చెరిగిపోకుండా ముద్రించాలి. ఆన్‌లైన్ వేదికలైతే ప్రభుత్వం చెప్పేదాకా ఆగక్కర్లేదు. డేటా స్పీడ్ కాలమ్ ఖాళీగా వదిలిన కేబుల్‌ను డేటా కేబుల్ పేరుతో అమ్మనివ్వకుండా ఛార్జింగ్ కేబుళ్ల విభాగంలోకి మార్చేస్తే సరిపోతుంది.