పేరులో సగమే చదివితే

పారిస్‌లోని బతాక్లాన్ హాలులో పాడబోతున్నట్టు 2018లో మెదీన్ ప్రకటించగానే ఫ్రాన్స్‌లో పెద్ద రగడే జరిగింది. ల హావ్ర్ రేవుపట్నంలో పుట్టిన, అల్జీరియా మూలాలున్న ఈ ర్యాప్ గాయకుడు 2005లో తెచ్చిన ఆల్బమ్ పేరు ‘జిహాద్’తో మొదలవుతుంది, అతిపెద్ద పోరాటం తనతో తాను చేసేదేనన్న మాట ఆ వెంటనే ఉంది. తీవ్ర రైట్‌వింగ్ నాయకురాలు మరీన్ ల పెన్ వంటి నేతలు మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. 2015 నవంబరు 13న ఉగ్రవాదులు 90 మందిని పొట్టనబెట్టుకున్న హాలు అది. అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలలో కొన్ని అభ్యంతరం చెబితే తప్పుపట్టలేం. కానీ వారి దుఃఖాన్ని అరువు తెచ్చుకుని రాజకీయం నడపడం వేరు. మెదీన్ పాటలన్నిటినీ మేము వెనకేసుకు రావడం లేదు: లౌకికవాదులను శిలువ వేద్దామన్న 2015 నాటి పాదం వ్యంగ్యమేనని ఆయన చెప్పుకొన్నా, మా చెవికి మొరటుగానే తగులుతుంది. అయితే పాటకు జవాబు పాటతోనో, విమర్శతోనో చెప్పాలి. ఏ చట్టమూ ఆ కచేరీలను నిషేధించలేదు. హాలు ముందు నిరసనలకు దిగుతామన్న తీవ్ర రైట్‌వింగ్ బృందాల హెచ్చరికల నడుమ సెప్టెంబరులో అవి రద్దయి, పారిస్‌లోనే ఉన్న జెనిత్ హాలుకు మారాయి.

పాశ్చాత్య దేశాల్లో ఇలా పాడే ముస్లిం యువతకు సొంతవాళ్లు కూడా వేదికను సులువుగా ఇవ్వరు. 2007లో షికాగో దగ్గర జరిగిన ఉత్తర అమెరికా ముస్లింల సదస్సులో, కెనడాకు చెందిన అమ్మాయిల పంక్ బృందం ‘సీక్రెట్ ట్రయల్ ఫైవ్’ పాట అందుకోగానే, ఆడవాళ్లు వేదికపై పాడరాదంటూ నిర్వాహకులు అడ్డుపడ్డారు. ఆ తర్వాత పోలీసులు వచ్చి వారిని బయటకు పంపారు. ఇటు మసీదు పెద్దలకు వీరి గిటారు నచ్చదు, అటు పాలకులకు వీరి పేర్లు నచ్చవు.

లండన్‌లో పుట్టిన పాకిస్తానీ కుటుంబపు బిడ్డ రిజ్ అహ్మద్ 2006లో, అమెరికా సైనిక జైలు గ్వాంటనమోలోని ఖైదీలపై తాను నటించిన చిత్రాన్ని బెర్లిన్ ఉత్సవంలో ప్రదర్శించి తిరిగొస్తుండగా, లూటన్ విమానాశ్రయంలో అధికారులు ఆపి, ముస్లింల పోరాటం కోసమే నటుడివయ్యావా అని నిలదీశారు. పదహారేళ్ల తర్వాత, 2022లో ఆస్కార్ అందుకున్న ఆయన లఘుచిత్రం ‘ది లాంగ్ గుడ్‌బై’లో, పెళ్లి సందడిలో ఉన్న ఇంట్లోకి సాయుధులు చొరబడి అందరినీ వీధిలోకి ఈడుస్తారు. చివరికి రిజ్ కెమెరా కళ్లలోకి సూటిగా చూస్తూ, పుట్టిన దేశంలోనే తనను వదలని ‘ఎక్కడివాడివి?’ అన్న ప్రశ్నను ర్యాప్‌గా మనకే అప్పజెబుతాడు.