బోర్డు దించినవాళ్ల లెక్క

వ్యాపారం మానేసిన మనిషికి మన భాషలో మర్యాదైన మాట ఒక్కటీ దొరకదు. చేతులెత్తేశాడంటాం, మునిగిపోయాడంటాం, కోపమొస్తే బోర్డు తిప్పేశాడంటాం. రిబ్బన్ కటింగ్‌కి వచ్చి ఫొటోలు దిగినవాళ్లు కూడా ఎందుకు ఆపేశావని అడగరు. నష్టాలొచ్చి ఉంటాయిలే అని తేల్చేస్తారు.

అది సగం నిజమే. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కల్లో కొత్త సంస్థల్లో ఐదింట ఒకటి మొదటి ఏడాదిలోనే, దాదాపు సగం ఐదేళ్లలోపే మూతపడుతున్నాయి. అయితే అక్కడి చిన్న సంస్థలపైనే 2003లో ఆర్థికవేత్త బ్రయాన్ హెడ్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మూతపడినవాటిలో సుమారు మూడో వంతు ఆపేనాటికి బాగానే ఉన్నాయి, ఆ మాట చెప్పింది యజమానులే.

మరి బాగున్నదాన్ని ఎందుకు వదిలేస్తారు?

జీతాల తేదీకి మూడు రోజుల ముందు రాత్రి ఆ యజమాని ఇంట్లో ఏం జరుగుతుందో చూస్తే తెలుస్తుంది. సరుకు ఇచ్చి మూడు నెలలైంది, కొన్న పెద్ద కంపెనీ 'బిల్లు ప్రాసెస్‌లో ఉంది' అంటోంది, కాగితం మీద లాభం కనిపిస్తోంది, ఖాతాలో మాత్రం ఏమీ లేదు, దాంతో పనివాళ్లకు సొంత సేవింగ్స్ నుంచి సర్ది తన జీతం వచ్చే నెలకు వాయిదా వేసుకుంటాడు. అలా ఎన్ని నెలలని! పదేళ్లు సొంత వ్యాపారం చేసినవాళ్ల మధ్యస్థ ఆదాయం (అందరినీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారిది), అదే కాలం ఉద్యోగంలో ఉంటే వచ్చేదానికన్నా 35 శాతం తక్కువని అమెరికా ఆర్థికవేత్త బార్టన్ హామిల్టన్ 2000లోనే లెక్కగట్టారు. దీనికి తోడు, కంపెనీ పేరున తెచ్చిన అప్పుకు బ్యాంకు సొంత పూచీ కూడా అడుగుతుంది, ఆ సంతకం పెట్టాక ఇంట్లో నిద్ర పట్టనిది ఒక్కరికే కాదు.

భాగస్వాములతో చెడినవాళ్లున్నారు. పని మీద ఇష్టంతో మొదలుపెట్టి, చివరికి రోజంతా పన్ను రిటర్నులతో, వసూళ్ల ఫోన్లతో గడిపి విసిగిపోయినవాళ్లు ఇంకా ఎక్కువ. అలాంటివాళ్లు ఠంచనుగా జీతమొచ్చే ఉద్యోగానికి వెళ్తే పిరికితనమనడం మాకు అన్యాయంగా తోస్తోంది.

ప్రభుత్వ సంస్థలు తమకు సరుకు ఇచ్చినవాళ్ల బిల్లులు సాధారణంగా 30 రోజుల్లో కట్టాలని ఐరోపా సమాఖ్య 2011లోనే నిబంధన తెచ్చింది. చట్టం ఉన్నా లేకున్నా, సదస్సుల్లో యువతకు ధైర్యం నూరిపోసే పెద్ద కంపెనీలు ముందు తమ టేబుళ్ల మీద ఆగిపోయిన చిన్నవాళ్ల బిల్లులు తీసి, ఈ నెలలోనే కట్టేయాలి.