గోరాకు గాంధీజీ ఇచ్చిన మాట

దేవుణ్ణి నమ్మనివారికి నీతికి ఆధారం ఉండదని ఒక వ్యాసకర్త రాసిన వాక్యం చదవగానే నాస్తికోద్యమ నాయకుడు గోరా (గోపరాజు రామచంద్రరావు) గారు గుర్తుకొచ్చారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో విజయవాడకు తరలించిన ఆయన, సతీమణి సరస్వతి గారితో కలిసి అంటరానితనంపై పోరాడటమే కాక, తమ కుమార్తె మనోరమకు దళిత యువకునితో వివాహం నిశ్చయించారు. ఆ పెళ్లిని తన సేవాగ్రాం ఆశ్రమంలో జరిపించడానికి ఒప్పుకున్నది నిత్యం రామనామం స్మరించే గాంధీజీ; పైగా వధూవరుల ప్రమాణంలో దేవుడికి బదులు సత్యం పేరు చేర్చడానికి కూడా ఆయన అంగీకరించారు. గాంధీజీ హత్యానంతరం, 1948 మార్చిలో, ఆ వివాహం అక్కడే జరిగింది.

దేవుణ్ణి నమ్మనివారి వైపు పొరపాటు కూడా చిన్నది కాదు. గుడి ముందు చెప్పులు విడిచినవాడు బుద్ధిని కూడా అక్కడే విడిచాడని మా హేతువాద మిత్రులు కొందరు (నేనూ ఆ గుంపులోవాడినే) తేల్చేస్తారు. విగ్రహారాధనను, కులాన్ని కడిగిపారేశాడని మేము ప్రతి సభలోనూ వల్లించే వేమన నాస్తికుడేమీ కాదు, శివుణ్ణి లోపల వెతుక్కోమన్న యోగి. ఆ సంగతి మాత్రం మా ఉపన్యాసాలలో ఎందుకో ఎప్పుడూ జారిపోతూ ఉంటుంది.