ఆ పాత గేమ్ సీడీలు పారేయకండి

"పాత విండోస్ గేమ్ సీడీ ఉంది, లినక్స్‌లో నడుస్తుందా?" అని ఎవరైనా అడిగితే చాలు, "ఆ తలనొప్పి ఎందుకు, విండోస్ వేసుకో" అనేవాళ్లు పదిమంది తయారవుతారు. ఈ సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2000 చుట్టుపక్కల వచ్చిన చాలా గేములకు ఇవాళ్టి విండోస్‌లోనే దిక్కు లేదు.

సీడీ పెట్టనిదే గేమ్ మొదలవకుండా అప్పట్లో కంపెనీలు సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ లాంటి తాళాలు వేసేవి. సేఫ్‌డిస్క్‌కి ఏకంగా సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో కూర్చునే డ్రైవర్ ఒకటి కావాలి. భద్రతకు ముప్పని 2015లో మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో దానికి చోటే ఇవ్వలేదు. అదే సెప్టెంబరులో ఒక అప్‌డేట్‌తో విస్టా, 7, 8లలో కూడా ఆపేసింది. భద్రతపరంగా అది సరైన నిర్ణయమే. మరి డబ్బులు పోసి ఒరిజినల్ సీడీ కొన్నవాళ్ల సంగతేంటి? తాళం పగలగొట్టిన పైరసీ కాపీ కొన్నవాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు. నిజాయితీగా కొన్నవాళ్లకే శిక్ష పడింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

90ల నాటి గేములది ఇంకో తంటా. గేమ్ 32 బిట్‌దే అయినా సెటప్ ప్రోగ్రామ్ చాలాసార్లు అంతకంటే పాతకాలపు 16 బిట్‌ది ఉండేది. 64 బిట్ విండోస్ అలాంటివాటిని చాలావరకు తెరవదు. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపించే వైన్ మాత్రం 64 బిట్ లినక్స్ మీద కూడా అలాంటివాటిని చాలావరకు నడిపిస్తుంది. 1993 నుంచి ఎంతోమంది ఓపిగ్గా రాసుకుంటూ వచ్చిన ప్రోగ్రామ్ అది. వాళ్ల రుణం తీర్చుకోలేం.

కష్టాలు లేవని అనను. రెండు సీడీల గేమ్ ఇన్‌స్టాల్ చేస్తుంటే సగంలో "రెండో డిస్క్ పెట్టండి" అంటుంది. బటన్ నొక్కితే ట్రే బయటికి రాదు, ఎందుకంటే సెటప్ ఇంకా మొదటి సీడీ మీది నుంచే నడుస్తోంది. అప్పుడు ఇంకో టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి 'వైన్ ఎజెక్ట్' అని కొడితే వదులుతుంది. టెర్మినల్‌లో సీడీ ఫోల్డర్‌లోకి వెళ్లి సెటప్ మొదలుపెడితే మాత్రం అది కూడా పనిచేయదు. బయటి నుంచే సెటప్ ఫైలు పూర్తి దారి (పాత్) ఇచ్చి మొదలుపెట్టాలి. కొన్ని సీడీల్లో ఫైళ్లు దాచిపెట్టి ఉంటాయి, సీడీని సిస్టమ్‌కి జోడించేటప్పుడు, అంటే మౌంట్ చేసేటప్పుడు 'అన్‌హైడ్' ఆప్షన్ ఇస్తేనే కనిపిస్తాయి.

ఎక్కువమంది దెబ్బతినేది సంగీతం దగ్గర. 1996 నాటి క్వేక్ గేమ్ సీడీలో ట్రెంట్ రెజ్నర్ అనే సంగీతకారుడు చేసిన సంగీతం మామూలు ఆడియో సీడీలో పాటల్లాగే విడి ట్రాకులుగా ఉంటుంది. ఆ సీడీని ఐఎస్ఓ అనే ఒకే ఫైలుగా కాపీ చేస్తే డేటా ట్రాక్ ఒక్కటే వస్తుంది. గేమ్ నడుస్తుంది, తుపాకులు పేలతాయి, సంగీతం మాత్రం ఉండదు. అందరూ వైన్‌ని తిడతారు. అక్కడ వైన్ తప్పేమీ లేదు. సీడీఆర్‌డావో అనే ప్రోగ్రామ్‌తో మొత్తం సీడీని కాపీ చేసి, ఆ కాపీని ఉత్తుత్తి సీడీ డ్రైవ్‌లా పనిచేసే సీడీఎమ్యూలో పెడితే ఆడియో ట్రాకులు కూడా కనిపిస్తాయి. గ్రాఫిక్స్‌కి ఇప్పుడు పెద్ద టెన్షన్ లేదు, డైరెక్ట్‌ఎక్స్ (విండోస్ గేములు బొమ్మలు గీయడానికి వాడేది) 8, 9 గేముల సంగతి వైన్‌తో కలిసి పనిచేసే డీఎక్స్‌వీకే చూసుకుంటుంది.

ఇక మిగిలేది ఆ తాళమే. కెర్నల్‌లో కూర్చోవాలనుకునే తాళాలతో వైన్‌కీ ఇబ్బందే. అందుకే చాలామంది సీడీ అడగని ఎగ్జిక్యూటబుల్ (గేమ్‌ని మొదలుపెట్టే ఫైలు) కోసం ఊరూ పేరూ లేని సైట్లలో వెతుకుతారు, దాంతోపాటు వైరస్ తెచ్చుకుంటారు. కొన్న వస్తువు వాడుకోవడానికి ఇంత అవస్థ ఎందుకు పడాలి? మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52, చట్టబద్ధంగా ప్రోగ్రామ్ ఉన్నవాళ్లు పాడైపోతుందేమోనని బ్యాకప్ తీసుకోవడానికి ఒప్పుకుంటుంది. 2012లో చేర్చిన సెక్షన్ 65ఎ కూడా హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో తాళం తీసేవాళ్ల గురించే మాట్లాడుతుంది. మన సొంత సీడీని మనం ఆడుకోవడాన్ని దొంగతనంలా చూడొద్దు.

కంపెనీలు తలుచుకుంటే ఇది పెద్ద పని కాదు. ఈఏ అనే గేమ్ కంపెనీ 2020లో మొదటి కమాండ్ అండ్ కాంకర్, రెడ్ అలర్ట్‌ల సోర్స్ కోడ్‌ని, 2025లో అదే వరుసలోని జనరల్స్ కోడ్‌ని ఎవరైనా వాడుకోనిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద బయటపెట్టింది. అందరూ అంతదూరం వెళ్లక్కర్లేదు. అమ్మడం మానేసిన గేములకు తాళం తీసేసిన ఒక్క ప్యాచ్ తమ సొంత సైట్‌లో పెట్టమనండి, మిగతాది మేం చూసుకుంటాం.