ఫుట్‌పాత్‌కు పద్దు ఏది?

మా వీధి చివర ఫుట్‌పాత్ మీద నాలుగు పలకలు లేచిపోయి ఏడాదిన్నర అవుతోంది. ఎవరో కేబుల్ కోసం తవ్వారు, మట్టి పోసి, పలకల్ని గోడవార పేర్చి వెళ్లిపోయారు. వానలకు మట్టి కుంగింది. అమ్మను బ్యాంకుకు తీసుకెళ్లాలంటే అక్కడిదాకా నడిచి, రోడ్డు మీదికి దిగాల్సిందే. ఆ దిగడమే పెద్ద పని. కెర్బు, అంటే ఫుట్‌పాత్ అంచు, దాదాపు ఆమె మోకాలి దాకా ఉంటుంది. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం అది 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు దాటకూడదు.

మున్సిపల్ ఆఫీసుకెళ్లి అడిగితే అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పాడు. "నాలుగు పలకలకు ఎస్టిమేట్ ఎలా వేస్తాం సార్? కొత్త ఫుట్‌పాత్ శాంక్షన్ అయితే మొత్తం తీసేసి వేస్తాం." నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మన నగరాల రోడ్ల ఆర్థికశాస్త్రమంతా ఆ రెండు మాటల్లోనే ఉందనిపించింది.

కొత్త పనికి డబ్బు పుడుతుంది. టెండరు ఉంటుంది, శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం మీద పేర్లుంటాయి. అప్పు కూడా దొరుకుతుంది. 2018లో హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ మొదటి విడతగా 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయల బాండ్లు అమ్మింది. ఆ డబ్బు ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రణాళికకు. ఫ్లైఓవర్‌ను చూపించి అప్పు తేవచ్చు. పలక బిగించడానికి బాండ్లు ఎవరు కొంటారు? ఆ ఖర్చు ఏటా వచ్చే సొంత ఆదాయంలోంచే రావాలి.

ఆ సొంత ఆదాయం దగ్గరే అసలు చిక్కు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు రోడ్లు, వంతెనల్ని మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల్లో చేర్చింది. రోడ్డు వాడకం మీద వచ్చే డబ్బు మాత్రం వాటి చేతికి రాదు. బండి కొన్నప్పుడు కట్టే లైఫ్ టాక్స్ రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది. పెట్రోలు మీద వ్యాట్ రాష్ట్రానిది, ఎక్సైజూ సెస్సులూ కేంద్రానివి. కార్పొరేషన్‌కు మిగిలేది ప్రధానంగా ఆస్తిపన్ను, ఇళ్ల అనుమతుల ఫీజులు. పదిహేనో ఆర్థిక సంఘం జనాభా పది లక్షలు దాటిన నగరాలకు ఇచ్చిన గ్రాంట్లను కూడా గాలి నాణ్యతకు, నీళ్లకు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. రోడ్డు దుమ్ము తగ్గిస్తామని చెప్పి కొన్ని నగరాలు గాలి పద్దులో రోడ్డు అంచులకు టైల్స్ వేయించుకున్నాయి. తప్పని అనను. దొడ్డిదారి తప్ప వేరే దారి లేనప్పుడు ఇంజినీర్లు ఇలాగే నెట్టుకొస్తారు.

ఇక తవ్వకాలు. తవ్వే సంస్థ పునరుద్ధరణ ఛార్జీలు ముందే కడుతుంది. అవి జనరల్ ఫండ్‌లో కలిస్తే జీతాలకో, పాత బిల్లులకో పోతాయి. గుంత మాత్రం గుంతగానే ఉంటుంది. ఇన్ని మీటర్లు తవ్వారు, ఇంత కట్టారు, ఫలానా తేదీలోగా పూడుస్తాం అని ఒక చిన్న బోర్డు అక్కడ పెట్టమనండి చాలు. సగం గొడవ తీరుతుంది.

రోడ్ల బాగోగుల విషయంలో హైదరాబాద్ ఒక మంచి ప్రయోగం చేసింది. దానికి రావాల్సినంత పేరు రాలేదు. 2019 చివర్లో ప్రధాన రహదారుల్లో 709 కిలోమీటర్లను ఐదేళ్లపాటు ఏజెన్సీలకు అప్పగించారు. ఖర్చు 1,800 కోట్లకు పైనే. ఏటా కొంత దూరం కొత్తగా వేయడం, గుంతలు పూడ్చడం, ఫుట్‌పాత్‌లు చూసుకోవడం అన్నీ ఒకే ఒప్పందంలో పెట్టారు. పాత పద్ధతిలో రోడ్డు త్వరగా పాడైతే ఇంకో టెండరు వస్తుంది. ఇక్కడ త్వరగా పాడైతే నష్టం కాంట్రాక్టరుదే. పనిని కాకుండా బాగోగుల్ని కొనడమంటే ఇదే. లోటేమిటంటే అప్పటికి నగరంలో మొత్తం రోడ్లు 9 వేల కిలోమీటర్లు. కార్లు పరుగెత్తే దారులకు ఏజెన్సీ దొరికింది. పెద్దవాళ్లు మందుల షాపుకి నడిచే కాలనీ రోడ్లకు పాత ప్యాచ్ వర్కే దిక్కయింది.

సైకిల్ దారి కూడా ఉందిగా అంటారేమో. ఉంది, 2023లో ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్లు తెరిచారు. పైకప్పుగా వేసిన సౌరఫలకల సామర్థ్యం 16 మెగావాట్లు. కరెంటు అమ్మి తన ఖర్చు తాను సంపాదించుకోగల దారి అన్నమాట. ఆలోచన నాకు నచ్చింది. కాకపోతే ఆదివారం పొద్దున చాలామంది అక్కడికి కారు వెనక సైకిల్ కట్టుకుని వస్తారు.

అమెరికాలో మనవాళ్లను అడిగితే ఇంకో సంగతి చెబుతారు. అక్కడ చాలా ఊళ్లలో ఇంటిముందు సైడ్‌వాక్ మరమ్మతు, మంచు తీయడం ఇంటివాళ్ల బాధ్యతే. డబ్బున్న వీధి నున్నగా ఉంటుంది, లేని వీధి పగిలి ఉంటుంది. డెన్వర్ ఓటర్లు 2022 నవంబర్‌లో మరమ్మతు బాధ్యతను ఓటు వేసి నగరానికి మార్చారు. బదులుగా 2025 నుంచి చాలా ఇళ్లు ఏడాదికి 150 డాలర్లు కడుతున్నాయి. ఆ డబ్బు సైడ్‌వాక్‌లకే. మన దగ్గర కొత్త ఫీజు అంటే జనం భగ్గుమంటారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ఆస్తి విలువను బట్టి పన్ను వేస్తూ, పెంపు ఏటా 15 శాతం దాటదని చెప్పినా గొడవ ఆగలేదు. నేనైతే కడతాను. నా డివిజన్‌లో ఎన్ని మీటర్ల ఫుట్‌పాత్‌కు ఖర్చయిందో రసీదు వెనక రాసిస్తేనే.

మొన్న అటు వెళ్తే గుంతలో నాలుగు ఇటుకలు పరిచి, పైన సిమెంటు పూసి ఉంది. పక్కనే టిఫిన్ సెంటర్ నడిపే ఆయన పని. ప్లేటు పట్టుకున్న కుర్రాడు రెండుసార్లు పడ్డాడట, బస్తా సిమెంటు తనే తెప్పించాడు. డెన్వర్ వాళ్లు ఓటు వేసి వదిలించుకున్న పద్ధతి, ఏ ఓటూ లేకుండా మా వీధికి వచ్చేసింది.